తల, మెడ క్యాన్సరుకు జోడు చికిత్స: ఏడు వారాల లెక్క

నాలుక, చిగుళ్లు, బుగ్గ లోపలి పొర, అంగిలి, గొంతు, స్వరపేటిక. ఈ భాగాలలో పుట్టే క్యాన్సర్లన్నిటినీ వైద్యులు తల, మెడ క్యాన్సర్లు అనే ఒకే వర్గంలో చేరుస్తారు. మెదడులో వచ్చే గడ్డలు ఈ వర్గంలోకి రావు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో పెదవి, నోటి క్యాన్సరు ఒక్కటే 1 లక్షా 40 వేల మందికి పైగా కొత్తగా వచ్చింది. మన దేశపు పురుషులలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించే క్యాన్సరు ఇదే.

ఈ వ్యాధికి ముఖ్య కారణాలు పొగాకు, బీడీ, సారాయి, వక్క. పొగాకు సంగతి అందరికీ తెలిసినదే. పొగాకు కలపని ఆకువక్క, అసలు వట్టి వక్క కూడా క్యాన్సరు కారకాలేనని అదే సంస్థ 2004లో తేల్చిందన్న సంగతి మాత్రం హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు ఇళ్లకు ఇంకా సరిగా చేరలేదు. పెండ్లిలో తాంబూలం, తిన్న తరువాత ఒక పలుకు వక్క, పొలంలో కలుపు తీసే వేళ దవడన పెట్టుకొనే పొగాకు తునక, ఇవన్నీ ఇక్కడి దినచర్యలో భాగాలు. అందువలన నోటిలో తెల్లమచ్చ వచ్చినా, మూడు వారాలైనా పుండు మానకపోయినా సున్నం పొక్కిందనుకొని ఊరుకుంటారు. తరువాత నాటుమందు, ఆపై పంటి వైద్యుడు. మెడలో గడ్డ తగిలిననాడు గాని పెద్దాస్పత్రికి బయలుదేరరు. ఆ చీటీలో వైద్యుడు వ్రాసే మాట చాలామందికి ఒకటే: సి.టి.ఆర్.టి. కీమోథెరపీని, రేడియోథెరపీని ఒకే కాలంలో కలిపి ఇచ్చే చికిత్సకు అది పొట్టి పేరు. పల్లెల్లో రేడియోథెరపీని 'కరెంటు పెట్టడం' అంటారు. అందులో కరెంటు ఒంటికి తగిలేది ఏమీ లేదు. కంటికి కనిపించని కిరణాలను గడ్డ మీదికి గురిచూసి పంపుతారు, అంతే.

నాలుగవ దశ అన్నంత మాత్రాన

'నాలుగో స్టేజి' అన్న మాట వినగానే రోగిని ఇంటికి తీసుకుపోయే కుటుంబాలు ఉన్నాయి. తక్కిన చాలా క్యాన్సర్లలో నాలుగవ దశ అంటే వ్యాధి దూరపు అవయవాలకు పాకిందని అర్థం. తల, మెడ క్యాన్సర్లలో ఆ లెక్క వేరు. గడ్డ దవడ ఎముకలోకి దిగినా, మెడలో ఒకటికి మించి గ్రంథులు వాచినా నాలుగవ దశ అనే వ్రాస్తారు. ఈ దశలోనే ఏ, బి, సి అని మూడు మెట్లు ఉన్నాయి. ఊపిరితిత్తులు మొదలైన దూరపు చోట్లకు పాకినది 4సి మాత్రమే. 4ఏ, 4బి మెట్లలో వ్యాధి ఇంకా తల, మెడ భాగాలలోనే ఉంటుంది. 4ఏలో ఉన్న చాలామందికి, 4బిలో కొందరికి నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స చేస్తారు. కాబట్టి కుటుంబం వారు వైద్యుని అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్నవ దశ అని కాదు. 'అయ్యా, నయం చేయడానికి చేస్తున్నారా, బాధ తగ్గించడానికి చేస్తున్నారా?' అని అడగాలి. మిగిలిన నిర్ణయాలన్నీ ఆ జవాబు మీద ఆధారపడి ఉంటాయి.

ముక్క తీసి పరీక్షిస్తే పుండు రేగుతుందన్న భయం కూడా ఈ సీమలో బలంగా ఉంది. అది నిజం కాదు. ముక్క పరీక్ష లేకుండా ఏ క్యాన్సరు ఆస్పత్రి చికిత్స మొదలుపెట్టదు. ఆ భయంతో పోగొట్టుకొనే నెల, రెండు నెలలే అసలైన నష్టం.

రెండూ కలిపి ఎందుకు

రేడియేషన్ కిరణాలు క్యాన్సరు కణంలోని జన్యుపోగులను తెంపుతాయి. కొన్ని కణాలు ఆ తెగిన పోగులను తిరిగి అతుక్కొని బతికిపోతాయి. సిస్‌ప్లాటిన్ అనే మందు అదే పోగులకు అంటుకొని అతుకుపడనీయదు. కిరణాలు పడుతున్న రోజులలోనే మందు ఒంట్లో ఉండాలని చెప్పడానికి కారణం ఇది. మందు ముందు ఇచ్చి, అది ముగిశాక కిరణాలు పెడితే ఈ మేలు చాలావరకు దక్కదు.

ఈ ఆలోచన పరదేశం నుండి వచ్చి పడినది మాత్రమే కాదు. దీనికి తమిళనాడులోనే పాత చరిత్ర ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో 1954లో మద్రాసు అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1957లో అక్కడికి కోబాల్ట్ యంత్రం వచ్చింది. ముత్తులక్ష్మి రెడ్డి కుమారుడు డాక్టర్ ఎస్. కృష్ణమూర్తి, ఆయనతో కలిసి జీవితమంతా అక్కడే పనిచేసిన డాక్టర్ వి. శాంత బుగ్గ క్యాన్సరు మీద ఎక్కువగా శ్రమించారు. వారి వద్దకు వచ్చిన రోగులలో ఆకువక్క, పొగాకు నమిలినవారే అధికం. కిరణాలు ఒక్కటే చాలడం లేదని గమనించి, వాటికి మందును జోడించి చూశారు. బ్లియోమైసిన్ అనే మందును రేడియేషన్‌తో కలిపి ఇచ్చిన వారి ప్రయోగం వివరాలు 1977లోనూ, 1980లోనూ ఇంగ్లండు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆ మందుతో అన్ని దేశాలలో ఒకే ఫలితం రాలేదు, పోనుపోను వాడుక తప్పింది. పెద్ద గడ్డకు జోడు చికిత్స అన్న దారి మాత్రం నిలిచింది. డాక్టర్ శాంత 2021 జనవరిలో కన్నుమూశారు.

బ్లియోమైసిన్ స్థానంలోకి వచ్చినది సిస్‌ప్లాటిన్. అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు 1965లో సూక్ష్మజీవుల మీద విద్యుత్తు ప్రభావాన్ని పరిశీలిస్తూ, ప్లాటినం తీగెల నుండి వచ్చిన పదార్థం కణాల విభజనను ఆపుతోందని కనుగొన్నాడు. 1978లో అది మందుగా అనుమతి పొందింది. ఈనాడు అది పాతబడిన, చవకైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల పట్టికలో ఉంది.

మేలు ఎంత? ఈ ప్రశ్నకు దాపరికం లేని జవాబు ఉంది. 93 ప్రయోగాలలో పాల్గొన్న 17 వేల మందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి 2009లో ప్రకటించారు. రేడియేషన్ ఒక్కటే పొందిన 100 మందిలో అయిదేళ్ల తరువాత సుమారు 27 మంది బతికి ఉండగా, అదే సమయంలో మందు కూడా పొందిన 100 మందిలో సుమారు 34 మంది ఉన్నారు. అంటే నూటికి ఆరేడు ప్రాణాలు ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఈ లాభం తగ్గుతూ వచ్చి, 70 ఏళ్లు దాటినవారిలో కనిపించలేదు. ఇంట్లో 75 ఏళ్ల తాతకు మందు వద్దు, కిరణాలు చాలునని వైద్యుడు అంటే అది నిర్లక్ష్యం కాదని దీనిని బట్టి గ్రహించాలి.

కత్తి ముందా, కిరణాలు ముందా

బుగ్గ, చిగురు, నాలుక క్యాన్సర్లలో తీసివేయగలిగితే ఆపరేషనే మొదటి చికిత్స. తీసిన ముక్కను పరీక్షించాక కోత అంచున క్యాన్సరు మిగిలి ఉన్నా, మెడ గ్రంథి పొరను చీల్చుకొని బయటికి వచ్చినా అప్పుడు జోడు చికిత్స ఇస్తారు. 2004లో ఐరోపా, అమెరికాలలో వేర్వేరుగా జరిగిన రెండు పరిశోధనలు ఈ పద్ధతికి ఆధారం. తీసివేయడానికి వీలుకానంత పెరిగిన నోటి గడ్డలకు ముందుగా కొన్ని విడతలు కీమో ఇచ్చి కుదించి చూస్తారు. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి అనుభవంలో అటువంటి వారిలో నూటికి సుమారు 40 మందికి ఆ తరువాత ఆపరేషన్ సాధ్యమైంది.

గొంతు లోపలి భాగాలు, స్వరపేటిక సంగతి వేరు. అక్కడ ఆపరేషన్ అంటే మాట పోవచ్చు, మెడకు శాశ్వతంగా రంధ్రం పడవచ్చు. అందుచేత చాలామందికి కత్తి లేకుండా జోడు చికిత్సతోనే నయం చేయడానికి ప్రయత్నిస్తారు. ఇందులో ఒక మినహాయింపు ఉంది. స్వరపేటిక మృదులాస్థి అప్పటికే చెడిపోయి, మింగిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంటే, గొంతును కాపాడుకొని లాభం లేదు. అటువంటి వారికి ఆపరేషనే మేలు.

మొదటి రోజుకు ముందు

ముందుగా పళ్లు చూపించాలి. చెడిన పళ్లు ఉంటే రేడియేషన్ మొదలయ్యేందుకు సుమారు రెండు వారాల ముందే తీయించి, పుండ్లు మాననివ్వాలి. కిరణాలు పడిన దవడ ఎముకకు తిరిగి మానే శక్తి తగ్గిపోతుంది. తరువాత పన్ను పీకితే ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, రక్తకణాల లెక్క, చెవి వినికిడి పరీక్ష కూడా చేస్తారు. సిస్‌ప్లాటిన్ ఈ మూడింటికీ హాని చేయగలదు గనుక.

ఆ తరువాత ముఖానికి, మెడకు ప్లాస్టిక్ తొడుగు తయారుచేస్తారు. వేడినీటిలో మెత్తబడిన వలవంటి పలకను ముఖం మీద అదిమితే అది ఆ ముఖాకారంలో గట్టిపడుతుంది. ప్రతిరోజూ అదే తొడుగు బిగించి, తల కదలకుండా ఉంచి కిరణాలు పెడతారు. బల్ల మీద ఉండేది మొత్తం పది, పదిహేను నిమిషాలే. నొప్పి ఉండదు. రోగి ఒంట్లో కిరణాలు మిగిలి ఉండవు. ఇంటికి వచ్చాక మనుమలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక కొన్ని ఇళ్లలో రోగికి కంచం, పడక వేరు చేయడం బాధాకరం.

కోబాల్ట్ యంత్రమా, లీనియర్ యాక్సిలరేటరా అన్న ప్రశ్న తరచు వస్తుంది. రెండూ క్యాన్సరును చంపగలవు. కొత్త యంత్రాలలో ఐ.ఎం.ఆర్.టి. అనే పద్ధతి వలన లాలాజల గ్రంథులను కొంత తప్పించవచ్చు. నోరు ఎండిపోవడం తగ్గుతుంది. దొరికితే మంచిదే. దానికోసం నెలల తరబడి వేచి ఉండడం మాత్రం మంచిది కాదు.

ఏడు వారాలు

కత్తి లేకుండా నయం చేయాలనుకున్నప్పుడు వాడుకలో ఉన్న మోతాదు 70 గ్రేలు. రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి అయిదు రోజులు, 35 రోజులలో, అంటే ఏడు వారాలలో ముగుస్తుంది. ఆపరేషన్ తరువాత అయితే 60 నుండి 66 గ్రేలు, ఆరు నుండి ఆరున్నర వారాలు. సిస్‌ప్లాటిన్‌ను ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున 1వ, 22వ, 43వ రోజులలో ఎక్కిస్తారు. లేదా 40 మిల్లీగ్రాముల చొప్పున వారం వారం ఇస్తారు. టాటా మెమోరియల్‌లో 300 మందిపై జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, మూడు వారాలకొకసారి ఇచ్చిన 100 మిల్లీగ్రాముల పద్ధతి, వారానికి 30 ఇచ్చిన పద్ధతికంటె వ్యాధిని బాగా అదుపు చేసింది. రెండేళ్లకు వ్యాధి అదుపులో ఉన్నవారు మొదటి పద్ధతిలో నూటికి 73, రెండవ దానిలో 58. దుష్ఫలితాలు కూడా మొదటి పద్ధతిలోనే ఎక్కువ. ఆపరేషన్ అయినవారిలో వారానికి 40 మిల్లీగ్రాములు ఏమాత్రం తీసిపోదని 2022లో జపాను వైద్యులు చూపారు. అందుచేత పక్క పడక వారికి ఇచ్చినట్లు తమకు ఇవ్వలేదని కలతపడనక్కరలేదు. విడతలన్నీ కలిసి కనీసం 200 మిల్లీగ్రాములైనా చేరాలని వైద్యులు చూస్తారు. మూడవ విడత తప్పిపోయినంత మాత్రాన అంతా వృథా అయినట్లు కాదు.

తప్పకూడనిది రేడియేషన్ రోజు. ఈ చికిత్స మొత్తంలో కుటుంబం చేతిలో ఉన్న విషయం ఇదే. సుమారు నాలుగవ వారం నుండి, మిగిలి ఉన్న క్యాన్సరు కణాలు మునుపటికంటె వేగంగా పెరగనారంభిస్తాయి. గరికను పైకి కోసి వదిలితే వాన పడగానే రెట్టింపుగా మొలిచినట్లు. చికిత్స మొత్తం కాలం ఒక్కొక్క రోజు సాగేకొద్దీ వ్యాధి అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం, కొన్ని లెక్కలలో అంతకు కొంత మించి తగ్గుతుందని పరిశోధకులు గుర్తించారు. మందు జోడించడం వలన కలిగే లాభం నూటికి ఆరేడని పైన చూశాము. అంటే మధ్యలో ఒక వారం మానుకుంటే ఆ లాభమంతా చేజారిపోయినట్లే. బాగలూరు వైపు రోజాల కోత, కృష్ణగిరి వైపు మామిడి కాలం, ఉగాది, హోసూరు చంద్రచూడేశ్వరస్వామి తేరు, ఇంట్లో శుభకార్యం, ఇవన్నీ చికిత్స మధ్యలో రోగి ఊరికి వచ్చి నాలుగు రోజులు ఉండిపోవడానికి కారణాలవుతున్నాయి. యంత్రం చెడిపోయో, జ్వరం వచ్చో రోజు తప్పితే, ఆ లోటును శనివారం నాడు గాని, ఒకే రోజున కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పెట్టి గాని వైద్యులు పూడ్చగలరు. అయితే రోగి చెప్పకుండా మానేస్తే వారు చేయగలిగింది లేదు.

మానేయడానికి అసలు కారణం చాలాసార్లు పండుగ కాదు, నోటి పుండ్లు. మొదటి రెండు వారాలు రోగి బాగానే ఉంటాడు. 'ఇంతేనా' అనుకుంటారు. మూడవ వారం నుండి నోరంతా పొక్కి, ఎంగిలి చిక్కబడి, ఉప్పు, తీపి రుచులు పోయి, మెడ చర్మం నల్లబడి ఊడుతుంది. అయిదవ, ఆరవ వారాలు అన్నిటికంటె కష్టమైనవి. చికిత్స ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు వారాలు ఇలాగే ఉండి, అటుపిమ్మట నెమ్మదిగా మానుతుంది. 'మందు పడలేదు, రోగం ఎక్కువైంది' అని చుట్టాలు చెప్పేది ఈ సమయంలోనే. అవి రోగపు పుండ్లు కావు. కిరణాలు పడిన చోట ఆరోగ్యంగా ఉన్న పొర కూడా దెబ్బతినడం వలన వచ్చినవి.

లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంటసోడా కలిపి, రెండు మూడు గంటలకొకసారి పుక్కిలించాలి. మెడకు నూనె, పసుపు, పౌడరు పూయరాదు. బ్లేడుతో గడ్డం గీయరాదు. కారం, పులుపు ఆపాలి. రాగిముద్ద మింగలేని రోజు వస్తుంది. అప్పుడు పలుచని రాగి అంబలి, పాలు, గుడ్డు కలిపిన గంజి, పప్పుకట్టు, మెత్తగా చిలికిన పెరుగన్నం కొద్దికొద్దిగా రోజుకు ఏడెనిమిది సార్లు ఇవ్వాలి. ప్రతి వారం తూకం చూడాలి. బరువు పడిపోతూ ఉంటే ముక్కు గుండా గొట్టం వేసి ఆహారం పోస్తామని వైద్యులు చెబుతారు. గొట్టం వేశారంటే చివరిదశ అన్న భావన మన పల్లెల్లో ఉంది. అది పొరపాటు. ఈ చికిత్సలో గొట్టం తాత్కాలికం, రోగి ఏడు వారాలూ నిలబడడానికి ఉపయోగించే ఊతకర్ర వంటిది. గొట్టం ఉన్నా రోజూ కొన్ని గుక్కల నీరైనా మింగుతూ ఉండాలి. మింగడం పూర్తిగా మానేస్తే ఆ కండరాలు పని మరచిపోతాయి.

సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజున ముందూ వెనుకా సెలైను చాలా పోస్తారు. మూత్రపిండాలను కడిగేందుకు అది అవసరం. ఇంటికి వచ్చాక కూడా రెండు మూడు రోజులు నీరు ఎక్కువగా తాగించాలి. వాంతులకు ఇచ్చిన మాత్రలు వాంతి రాకముందే వేయాలి. నొప్పికి ఊరి మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేయరాదు, అవి మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి. చెవిలో హోరు, మూత్రం తగ్గడం, ఆగని వాంతులు ఉంటే ఆ దినమే చెప్పాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగరాదు. తెల్లకణాలు తగ్గిన మనిషికి జ్వరం ప్రాణాంతకం. ఇక తల వెంట్రుకల విషయం: సిస్‌ప్లాటిన్‌తో తల బోడి కావడం అరుదు. కిరణాలు పడిన చోట గడ్డం మాత్రం రాలుతుంది.

మూత్రపిండాలు, వినికిడి సరిగా లేక సిస్‌ప్లాటిన్‌కు తగని వారికి కూడా ఇప్పుడు దారి ఉంది. డోసెటాక్సెల్ అనే మందును వారానికి చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాముల స్వల్ప మోతాదులో రేడియేషన్‌తో జోడిస్తే, రెండేళ్లకు బతికి ఉన్నవారు నూటికి 42 నుండి 51కి పెరిగారని టాటా మెమోరియల్ వైద్యులు 2023లో ప్రకటించారు. ఇది కూడా అందుబాటు ధరలో దొరికే పాత మందే. హోసూరు రోడ్డులోనే ఉన్న బయోకాన్ సంస్థ 2006లో నిమోటుజుమాబ్ అనే ఇంజెక్షనును భారతదేశంలో విడుదల చేసింది. సిస్‌ప్లాటిన్, రేడియేషన్‌లతో అది కలిపితే కొంత మేలు కలుగుతుందని 2019లో వెలువడిన భారతీయ పరిశోధన తెలిపింది. ఖర్చు మాత్రం ఎక్కువ. రోగనిరోధక శక్తిని పెంచే ఖరీదైన కొత్త ఇంజెక్షన్లను జోడు చికిత్సకు కలిపి చేసిన రెండు పెద్ద పరిశోధనలు 2021లో, 2024లో ఆశించిన ఫలితం చూపలేదు. ఆపరేషన్‌కు ముందూ తరువాతా ఇచ్చినప్పుడు లాభం ఉందని 2025లో ఒక పరిశోధన తెలిపింది. ఏది ఏమైనా, భూమి తాకట్టు పెట్టి ఖరీదైన ఇంజెక్షను కొని, రేడియేషన్ రోజులు తప్పించడంకంటె, చవకైన మందుతో 35 రోజులూ పూర్తి చేయడమే తెలివైన పని.

ఎక్కడికి, ఏ కార్డుతో

ఇల్లు తమిళనాడులో, దగ్గరి పెద్దాస్పత్రి కర్ణాటకలో, చుట్టాలు ఆంధ్రలో. ఈ సరిహద్దు బతుకులో చికిత్సకు చోటు ఎంచుకోవడమే ఒక పెద్ద పని. హోసూరు నుండి బెంగళూరు కిద్వాయి స్మారక క్యాన్సరు సంస్థకు సుమారు 40 కిలోమీటర్లు. 1973లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ తమిళనాడు, ఆంధ్ర రోగులను కూడా చేర్చుకుంటుంది. బొమ్మసంద్రలోని నారాయణ ఆస్పత్రుల సముదాయం ఇంకా దగ్గర. కృష్ణగిరి, బర్గూరు వారికి వేలూరు సి.ఎం.సి., సేలం ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి అందుబాటులో ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వ క్యాన్సరు ఆస్పత్రి కాంచీపురం దగ్గర కారపేటలో ఉంది. అడయారు సంస్థ చెన్నైలో ఉంది. వేపనపల్లి, కుప్పం వైపు వారికి తిరుపతి కూడా ఒక దారి. అక్కడ టాటా ట్రస్టుల తోడ్పాటుతో 2022లో క్యాన్సరు ఆస్పత్రి ప్రారంభమైంది.

తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర వైద్య బీమా పథకం 2012 జనవరిలో మొదలై, 2018లో కేంద్ర పథకంతో కలిసింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు వర్తిస్తుంది. 2022లో వార్షికాదాయ పరిమితిని 72 వేల నుండి 1 లక్షా 20 వేల రూపాయలకు పెంచారు. గ్రామ పరిపాలన అధికారి ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, రేషను కార్డు, ఆధారుతో జిల్లా కలెక్టరు కార్యాలయంలోని కేంద్రంలో పేరు నమోదు చేసుకోవాలి. అయితే ఈ కార్డు బెంగళూరులోని ప్రతి ఆస్పత్రిలోనూ చెల్లదు. ఆంధ్రలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ కార్డు కూడా అంతే, అది ఆ రాష్ట్రపు నివాసులకు. చేరకముందే ఆస్పత్రి బీమా గదిలో కార్డు చూపి, కీమోకు, రేడియేషన్‌కు రెండింటికీ అనుమతి దొరుకుతుందా అని అడగాలి. ఒకదానికి మాత్రమే దొరికి, మూడవ వారంలో డబ్బు అయిపోయి ఆగిపోవడం అన్నిటికంటె చెడ్డది. అటువంటప్పుడు దూరమైనా కార్డు పూర్తిగా చెల్లే ఆస్పత్రిలో మొదటినుండి చేరడం మేలు.

హోసూరు పట్టణం వారు రోజూ బెంగళూరుకు పోయి రావచ్చు. అయినా అత్తిబెలె సరిహద్దు, సిల్క్ బోర్డు కూడలి దాటి పుండ్ల నోటితో 35 సార్లు ప్రయాణం తేలిక కాదు. అంచెట్టి, తళి, వేపనపల్లి పల్లెల వారికి అది అసాధ్యమే. కిద్వాయి, అడయారు వంటి పెద్ద సంస్థల దగ్గర రోగులకూ, తోడు వచ్చినవారికీ ధర్మశాలలు ఉన్నాయి. చేరిన రోజే అక్కడి సామాజిక కార్యకర్తను కలిసి పేరు వ్రాయించుకోవాలి. రైలులో వెళ్లేవారికి ఆస్పత్రి ఇచ్చే పత్రం చూపితే స్లీపరు తరగతిలో రోగికి పూర్తి, తోడు మనిషికి నాలుగింట మూడు వంతుల రాయితీ ఉంది. తోడుకు ఒక్కరినే కట్టివేయకుండా, కొడుకు, అల్లుడు, తమ్ముడు వారం వారం వంతు వేసుకుంటే ఏడు వారాలూ గడుస్తాయి.

ఆస్పత్రిలో భాష కూడా ఒక అడ్డంకి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆస్పత్రిలో కన్నడం లేదా ఆంగ్లం. వైద్యుడు చెప్పినది తలఊపి వచ్చేసి, బయట మరొక రోగి చెప్పినదాని ప్రకారం మందు వేసుకొనేవారు ఉన్నారు. చదువుకున్న పిల్లను ఒకతెను వెంట తీసుకుపోయి, మందుల వేళలూ, తరువాతి రక్తపరీక్ష తేదీ, రాత్రివేళ పిలువవలసిన నంబరూ తెలుగులోనో తమిళంలోనో ఒక నోటుపుస్తకంలో వ్రాయించుకోవాలి.

ముగిసిన తరువాత

చికిత్స ముగిసిన సుమారు 12 వారాలకు స్కానింగు చేసి, మెడలో గడ్డ మిగిలి ఉందా అని చూస్తారు. మిగిలి ఉంటే అప్పుడు మెడకు ఆపరేషన్. తిరగబెట్టడం జరిగితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. కనుక ఆ కాలంలో పిలిచిన ప్రతిసారీ వెళ్లాలి. బీడీ, పొగాకు మళ్లీ మొదలుపెడితే తిరగబెట్టే ప్రమాదమే కాక, కొత్త చోట రెండవ క్యాన్సరు వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. చికిత్స జరుగుతుండగా పొగ తాగేవారిలో కిరణాలు సరిగా పనిచేయవని కూడా తేలింది.

నోరు ఎండడం కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. చిన్న నీళ్ల సీసా జేబులో ఉండాలి. దవడ బిగుసుకుపోకుండా రోజూ నాలుగైదు సార్లు నోరు తెరిచే అభ్యాసం చేయాలి. మెడకు కిరణాలు పడినవారిలో థైరాయిడ్ మందగించడం సాధారణం. ఏడాదికి ఒకటి రెండుసార్లు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించాలి. ఒళ్లు బరువు, నిస్సత్తువ కనిపిస్తే రోగం తిరిగి వచ్చిందని బెదరకముందు ఈ పరీక్ష చూడాలి. నయం కాదని తేలినవారికి నొప్పి తగ్గించే వైద్యం ఇంటి దగ్గరే అందాలి. 2021 ఆగస్టు 5న శూలగిరి దగ్గరి సామనపల్లిలో ప్రారంభమైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో ఇంటికి వచ్చి చేసే ఉపశమన వైద్యం, వ్యాయామ చికిత్స ఉన్నాయి. ఊరి ఆరోగ్య కేంద్రపు నర్సును అడిగి పేరు వ్రాయించవచ్చు.

చికిత్స ముగిసినపుడు ఆస్పత్రి ఒక సారాంశ పత్రం ఇస్తుంది. ఎన్ని గ్రేలు, ఏ భాగానికి, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఎంత మందు అన్నవి అందులో ఉంటాయి. దానిని రేషను కార్డుతో పాటు భద్రపరచాలి. పదేళ్ల తరువాత పంటినొప్పితో హోసూరులో ఏ పంటి వైద్యుని దగ్గరికి వెళ్లినా, పన్ను పీకించుకొనే ముందు మొదట చూపవలసినది ఆ కాగితమే.